మందు అన్న మాట వెంట కడప దాకా

“ఏం చేస్తాండావు?”

“మందు కొడ్తాండా. అయినంక నేనే చేస్తాలే.”

“మూతికి గుడ్డ కట్టుకున్న్యావా, లేదా?”

“కట్టుకుంటి. పెట్టు ఇంక.”

మా ఇద్దరి మధ్య నడిచిన ఆఖరు మాటలు ఇవి. ఫోన్లో మాట్లాడుకున్నాం. పొద్దున తొమ్మిది దాటి ఉంటుంది. నేను కోడుమూరులో ఇంటి ముందర కూర్చుని శెనక్కాయలు వలుస్తున్నాను. మా ఆయన కడప జిల్లాలో ఒక చీనీ తోటలో బత్తాయి చెట్లకు పురుగుల మందు కొడుతున్నాడు. తోట మా ఆడబిడ్డ మొగుడు గుత్తకు చేస్తున్నది. మనుషులు దొరకడం లేదంటే పదిహేను రోజులు సాయానికి వెళ్లాడు. ఆ రోజు మధ్యాహ్నం పని ముగించుకుని, మందు డబ్బా వీపుకు తగిలించుకుని, మోపెడ్ మీద ఊర్లోకి వస్తుంటే వెనక నుంచి లారీ కొట్టింది.

మరుసటి రోజు ఆస్పత్రి దగ్గరికి ఒకాయన కాగితాలు పట్టుకుని వచ్చాడు. మీ ఆయన ఆఖరిసారి నీతో ఏం మాట్లాడాడు అని అడిగాడు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను, “మందు కొడ్తాండా అన్న్యాడు సార్” అని. గుడ్డలు చూపించి ఇవి ఆయనవేనా అన్నాడు. “ఆయనవే సార్, మందు వాసన వస్తాండాయి” అన్నాను. ఆయన వంచిన తల ఎత్తకుండా రాసుకున్నాడు. నా బొటనవేలు పట్టుకుని సిరా పూసి కాగితానికి అద్దాడు. నీకు సంతకం వచ్చునా అని అడగలేదు. నాకు వచ్చు. పొదుపు సంఘంలో నేర్చుకున్నాను. నాలుగు అక్షరాలు.

ఎనిమిది నెలల తర్వాత మా సచివాలయానికి ఒక కాగితం వచ్చింది. ప్రమాదంలో పోయినవాళ్ల ఇంటికి ఇచ్చే సాయం మాకు ఇవ్వడం కుదరదని అందులో ఉంది. ఎందుకు కుదరదో కూడా ఉంది. అక్కడ పనిచేసే పిల్ల దాన్ని గట్టిగా చదివింది. పింఛన్ల పని మీద వచ్చినవాళ్లు ఏడెనిమిది మంది కూర్చుని ఉన్నారు. “మృతుడు సంఘటనకు ముందు మద్యం సేవించుచున్నట్లు మృతుని భార్య స్వయముగా తెలిపియున్నందున” అని చదివింది. సేవ అంటే నాకు తెలుసు, సేవించడం తెలియదు. పక్కనున్న ముసలాయన విప్పి చెప్పాడు.

“తాగి బండి నడిపి సచ్చినాడని నువ్వే చెప్పినావంట గదా, హుసేనమ్మా.”

మేము దూదేకులవాళ్లం. ఆయన పేరు దస్తగిరి. పరుపులు కుట్టేవాడు, పని లేనప్పుడు చేనికి పోయేవాడు. పీర్ల పండగకు మా వీధి పీరును ఎత్తేది ఆయనే. పీరును ఎత్తేవాడు తాగి ముట్టుకోకూడదు. ఆయన దగ్గు మందు కూడా తాగేవాడు కాదు, అందులో సారా వాసన వస్తుందని. ఆ కాగితం చదివిన నాలుగు రోజులకు పీర్ల చావిడి పెద్దమనిషి, ఆయన బదులు పీరును ఎత్తాల్సిన మా మరిదిని పిలిచి, “ఈ సారి నువ్వు ఎత్తొద్దులేప్పా, జనం ఏమన్నా అంటారు, కాగితం సంగతి తేలనీ” అన్నాడు. సాయం వచ్చేది వస్తుంది, రానిది రాదు. ఆ మాట మాత్రం ఆయన మీద నుంచి తీయించాలని నేను కడపకు బయలుదేరాను.

ఈ ప్రయాణం మా అన్న కూతురు గౌసియా చేత రాయిస్తున్నాను. కర్నూలులో డిగ్రీ చదువుతోంది. మా సంఘంలో కాగితంలో తప్పు పడినవాళ్లు ఇంకా ఇద్దరున్నారు. ఎట్లా పోవాలి, ఎక్కడ దిగాలి, ఎవరితో ఏం మాట్లాడాలి అని అడుగుతున్నారు. వాళ్లకు పనికొస్తుందని చెప్తున్నాను. నేను పోతి అంటే ఈ పిల్ల వెళ్లాను అని రాస్తోంది. పుస్తకంలో అట్లానే ఉండాలంట. నా మాటలు ఎట్లయినా రాసుకో, మనుషులు నాతో మాట్లాడినవి, నేను మాట్లాడినవి మాత్రం మాట్లాడినట్టే పెట్టు అన్నాను. సరే అంది. పెట్టిందో లేదో తర్వాత చూస్తాను.

ఆదివారం పొద్దున అయిదుంబావుకు కోడుమూరులో కర్నూలు బస్సు ఎక్కాను. ఆధార్ కార్డు పైనే పెట్టుకోవాలి. ఆడవాళ్లకు టికెట్ సున్నా కొట్టి ఇస్తారు, కార్డు చూపించకపోతే ఇవ్వరు. నా సంచిలో ఆరు జొన్నరొట్టెలు, నంజుకోను ఊరుబిండి, ఒక చీర, ప్లాస్టిక్ కవర్లో కాగితాలు. ఆరుముప్పావుకు కర్నూలులో దిగాను. గౌసియా కల్లూరు నుంచి షేర్ ఆటోలో వచ్చి బస్టాండులో నిలబడి ఉంది. పరీక్షలని నాతో రాలేకపోయింది. ఆస్పత్రి దగ్గర రాసిన కాగితం నకలు తనే తెప్పించింది. నేను చెప్పింది, వాళ్లు రాసింది రెండూ పక్కపక్కన ఒక తెల్లకాగితం మీద రాసి ఇచ్చింది. ఇద్దరం బస్టాండు బయట ఉగ్గాని, బజ్జీ తిన్నాం. నలభై రూపాయలు. దుడ్లు తనే ఇచ్చింది.

“కడప బోర్డు సదవగలవా అత్తా?”

“క వస్తాది, డ వస్తాది, ప వస్తాది. మూడూ వచ్చినాక ఎక్కుతాలే.”

ఏడున్నరకు కడప ఎక్స్‌ప్రెస్ దొరికింది. రైలు కూడా ఉందన్నారు కానీ అది వచ్చే వేళలు నాకు కుదరవు. ఒంటరి ఆడమనిషికి పగటి బస్సే మేలు. కిటికీ పక్కన సీటు కావాలంటే బస్సు బస్టాండులోకి రాకముందే చివర నిలబడాలి. నాకు లోపలి సీటు వచ్చింది. ఓర్వకల్లు దాటాక రాళ్లు, పాణ్యం దగ్గర కాస్త పచ్చదనం. తొమ్మిదింబావుకు నంద్యాలలో పదిహేను నిమిషాలు ఆగాడు. ఆడవాళ్లు దిగే పని ఉంటే అక్కడే చూసుకోవాలి, మళ్లీ ఆళ్లగడ్డ దాకా అంత సేపు ఆపడు.

నంద్యాలలో నా పక్కన ఒక నేతాయన కూర్చున్నాడు. యాభై ఏళ్లుంటాయి. ఒళ్లో నూలు మూట. ప్రొద్దుటూరు వైపు వాళ్ల ఊరు. నా కవరు చూసి ఏ పని మీద పోతున్నావని అడిగాడు. చెప్పాను. మొదట నవ్వాడు, తర్వాత ఆపేశాడు.

“నాది గూడ అట్లాంటిదే లేక్కా. నేతోల్ల కార్డు కోసరం ఒక పిల్లోడు ఇంటికొచ్చి ఏం పని చేస్తావప్పా అన్న్యాడు. కూలికి నేస్తాండా అంటి. మగ్గం నాదే, నూలు షావుకారిది, కూలికి నేస్తాము గదా. వాడు కూలి అని రాసుకోని పాయ. ఇప్పుడు నేను మగ్గం మీద కూచున్న్యా కూలోన్నే.”

“మార్పిచ్చుకోలేదా?”

“నువ్వు నేస్తావని రుజువేమి అంటారు. చెయ్యి చూపిస్తి. చెయ్యి కాదు, కాగితం కావల్ల అన్న్యారు.”

ఆయన చేతులు చూశాను. వేళ్ల మధ్య నూలు కోసిన గీతలున్నాయి. నా రొట్టెలో సగం ఇచ్చాను. ఊరుబిండి కారంగా ఉందని నీళ్లు తాగుతూనే రెండోసారి అడిగి వేయించుకున్నాడు. మైదుకూరులో దిగాక కిటికీ కింద నిలబడి ఒక మాట చెప్పాడు. “అక్కా, వాళ్లు రాసేటప్పుడు వాళ్ల మొగం చూడాకు. చెయ్యి చూడు. నువ్వు రెండు మాటలు చెప్తే చెయ్యి రెండు మాటలంత కదలాల. పది మాటలంత కదిలిందనుకో, అడుగు.”

చెన్నూరు దగ్గర పెన్న దాటాం. ఏట్లో ఇసుక ఎక్కువ, నీళ్లు తక్కువ. మధ్యాహ్నం పన్నెండున్నరకు కడప. బస్టాండు నుంచి దర్గా వైపు ఆటో ఇరవై రూపాయలు. దర్గా దగ్గర సందులో లాడ్జిలు చిన్నవి ఉన్నాయి. నాలుగు వందలు అడిగాడు, మూడు వందల యాభైకి ఇచ్చాడు. గది శుభ్రంగానే ఉంది, గడియ మాత్రం సరిగా పడదు. కుర్చీ అడ్డం పెట్టుకోవాలి. ఆదివారం వచ్చింది ఎందుకంటే, అర్జీలు తీసుకునేది సోమవారం. పొద్దున్నే అక్కడ ఉండకపోతే మన వంతు రాదు.

సాయంత్రం దర్గాకు వెళ్లాను. పూలు, చక్కెర ఇరవై రూపాయలు. ఆడవాళ్లు కూర్చునే వైపు నా ఈడు మనిషి ఒకామె ఉర్దూలో ఏదో అడిగింది. నాకు ఉర్దూ అర్థమవుతుంది సగం, మాట్లాడడం రాదు. తెలుగులో జవాబు చెప్పాను. ఆమె పక్కవాళ్లకు వినిపించేటట్టు అంది.

“ముసల్మాన్ హోకు ఉర్దూ నై ఆతీ?”

ముసల్మాను అయ్యుండి ఉర్దూ రాదా అని. ఇది నేను పెళ్లయిన కొత్త నుంచి వింటున్నదే. “మేము దూదేకులోల్లమమ్మా. మా ఇంట్లో తాతల కాడ్నించి తెలుగే” అన్నాను.

“మరి దువా ఎట్ల చేస్తావు? అల్లాకు తెలుగు వస్తాదా?”

“ఇన్నేండ్లు మా మొర ఇన్యాడు గదా. నేర్చుకోనుంటాడు.”

ఆమె పక్కనున్న చిన్నామె ఫక్కున నవ్వింది. ఈమె కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత తెలుగులోనే మాట్లాడింది, నాకన్నా బాగా. కడపలోనే ఉంటుందంట, కుట్టుపని. నా సంగతి విని, “తాగినాడని రాసినారా? తోబా” అంది. అప్పటి నుంచి ఆమె గొంతు మారింది. ఆమెకు ఆ ఆఫీసు తెలుసు. ఇంటి పట్టా కోసం ఏడాదిగా తిరుగుతోంది.

“గేటు లోపలికి పోతానే టోకెన్ తీసుకో. అర్జీ బయట్నే రాపిచ్చుకో, లోపల రాసేటోల్లు ఉండరు. సార్ ముందర ఏడ్వాకు. ఏడిస్తే నీళ్లిచ్చి బయటికి పంపిస్తారు.”

“నువ్వు ఉర్దూలో మాట్లాడ్తావా ఆడ?”

“ఉర్దూనా? గేటు కాడ చెప్పులిడ్చినట్ల ఆడ్నే ఇడ్చిపెట్టి పోతాము. తెలుగు మాట్లాడితే గూడ మా తెలుగు కాదంటారు. టీవీలో మాట్లాడ్తారే, అది కావల్ల.”

తిరిగి వచ్చేటప్పుడు నా చేతిలో చక్కెర పొట్లం పెట్టింది. పొద్దున వెళ్లేముందు నోట్లో వేసుకోమంది.

సోమవారం ఏడింటికి కారం దోశ తిన్నాను. కడపలో దోశ మీద ఎర్రకారం పూసి పైన పప్పులపొడి చల్లి ఇస్తారు. నలభై అయిదు రూపాయలు. ఒకటి చాలు, మధ్యాహ్నం దాకా ఆకలి కాదు. ఎనిమిదింటికల్లా పెద్దాఫీసు బయట ఉన్నాను. ఏ ఆఫీసో పేరు రాయించడం లేదు. అర్జీ ఇవ్వాలన్నవాళ్లకు ఆటోవాళ్లే చెప్తారు. గోడ పక్కన రేకుల కింద అర్జీలు రాసేవాళ్లు ఆరుగురు బల్లలు వేసుకుని కూర్చుంటారు. పేజీకి వంద రూపాయలు. ఒకాయన ఖాళీగా ఉంటే ఆయన ముందు కూర్చున్నాను. సన్నగా ఉన్నాడు, కళ్లద్దాలకు ఒక వైపు దారం కట్టుకున్నాడు. గౌసియా రాసిచ్చిన కాగితం చూపించి జరిగింది చెప్పాను. ఆయన రాస్తూ ఉంటే నేతాయన చెప్పినట్టు చేతిని చూశాను. నేను చెప్పడం ఆపేశాక కూడా చెయ్యి నడుస్తూనే ఉంది.

“ఏమప్పా, ఒకతూరి సదివి ఇనిపించు.”

“సరిగ్గానే రాసినాలే పెద్దమ్మా. వరుస ఉండాది యనకాల.”

“వాళ్లు నిలబడింటారు. నువ్వు సదువు.”

చదివాడు. మొదట అంతా బాగానే ఉంది. మధ్యలో “పురుగుల మందు ప్రభావమునకు లోనై, స్పృహ తప్పి, ద్విచక్ర వాహనము నుండి క్రింద పడి” అని వచ్చింది.

“స్పృహ యాడ తప్పింది? లారీ కొట్టింది గదా.”

“ఇట్ల రాస్తే సార్‌కు జాలి పుడ్తాది. సాయం తొందరగా వస్తాది.”

“పురుగుల మందు, సచ్చిపోయినాడు. ఈ రెండు మాటలు ఒక కాగితంలో పక్కపక్కన పడితే మన పక్క ఏమనుకుంటారో నీకు తెల్దా?”

ఆయన కలం ఆపాడు. ఆయనకు తెలుసు. మా సీమలో ఎవరన్నా మందు తాగి పోయినాడంటే, చేలో అప్పులపాలై పురుగుల మందు తాగి ప్రాణం తీసుకున్నాడని. ఒక కాగితంలో తాగుబోతు అని ఉంది. ఇంకో కాగితంలో ఉసురు తీసుకున్నాడని పడేది. రెండు కాగితాల్లోనూ మందు అనే మాట నాదే. వాళ్లు దాని పక్కన పెట్టిన మాటలే వేరు.

“ఆయన మందు కొట్టినాడు. ఆయన్ని లారీ కొట్టింది. అంతే రాయి. జాలి నేను అడగలేదు.”

కాగితం చింపి కొత్తది తీశాడు. రెండోసారి తనంతట తనే గట్టిగా చదివాడు. వంద ఇస్తే తీసుకుంటూ, “సదువు రాకపోయినా లాయరు మాదిరి ఉండావే పెద్దమ్మా” అన్నాడు.

“రాదు గాబట్టే అప్పా.”

టోకెన్ ముప్పై నాలుగు. లోపల బల్లలు ఉన్నాయి, నీళ్లు ఉన్నాయి, ఫ్యాన్లు తిరుగుతున్నాయి. రొట్టె తినాలంటే బయట వేపచెట్టు కింద తినాలి, లోపల తింటే బంట్రోతు లేపేస్తాడు. పన్నెండుంబావుకు నా నంబరు పిలిచారు. చక్కెర నోట్లో వేసుకున్నాను.

గదిలో పెద్ద బల్ల వెనక ఆఫీసరు, పక్కన కంప్యూటర్ దగ్గర ఒక పిల్ల. ఆఫీసరు వయసులో చిన్నవాడే, ముప్పై అయిదు ఉండొచ్చు. మర్యాదగానే కూర్చోమన్నాడు. అర్జీ చదివి, నకలు కాగితం చదివి, రెండూ బల్ల మీద పెట్టాడు.

“ఏమ్మా, ఇందులో మేము చేసేదేముంది? చెప్పింది మీరే. వేలిముద్రా మీదే. ‘చదివి వినిపించగా సరియని ఒప్పుకొని వేలిముద్ర వేసితిని’ అని కింద స్పష్టంగా ఉంది.”

“ఎవరు సదివినారు సార్?”

“రాసుకున్నవారు.”

“ఎవరు ఇన్యారు?”

“మీరేనమ్మా.”

“నేను ఇన్లేదు సార్. చెవులు నావే గదా, నాకు తెల్దా.”

అది అన్ని కాగితాల కిందా ఉండే మాటేనని ఆయన చెప్పాడు. ముందే అచ్చు వేసి ఉంటుందంట. అంటే మనం వినకముందే విన్నామని రాసి ఉంటుంది. ఇది మా సంఘం వాళ్లు గుర్తు పెట్టుకోవాలి.

“సరే, మందు కొడుతున్నాను అని మీ ఆయన చెప్పినట్టు మీరే అర్జీలో రాశారు. ఎవరికైనా దాని అర్థం అదేగా?” అన్నాడు ఆయన.

ఆయన మాట తీరు మా వైపుది కాదు. అడిగాను. “మీది యా ఊరు సార్?”

గోదావరి దగ్గరి ఊరు పేరేదో చెప్పాడు.

“మీకు వరి ఉండాదా?”

“ఉందమ్మా. ఎందుకు?”

“వరికి పురుగు పడితే ఏం చేస్తారు సార్?”

“మందు కొడతారు” అన్నాడు. అని, ఆగిపోయాడు.

కంప్యూటర్ పిల్ల తల వంచుకుంది. తలుపు దగ్గర బంట్రోతు గోడ వైపు తిరిగాడు. నేను ఇంకొకటి అడిగాను.

“మీ నాయన మందు కొట్టేవాడా సార్?”

ఆయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. “కొట్టేవారమ్మా. చివరి దాకా ఆయనే కొట్టేవారు. ఇంట్లో ఎవరినీ ఆ డబ్బా ముట్టుకోనిచ్చేవారు కాదు.”

“తాగేవాడా?”

“లేదు.”

“మా ఆయన గూడ అంతే సార్.”

నకలు మళ్లీ తీసి చదివాడు. ఈసారి నిదానంగా చదివాడు. పాత కాగితంలో మాట కొట్టేయడం తన చేతిలో లేదని, ఎవరి చేతిలోనూ లేదని చెప్పాడు. నా మాట కొత్తగా తీసుకుని, పాతదానికి జత చేసి, అది రాసిన చోటికీ సాయం చూసే ఆఫీసుకూ పంపుతానన్నాడు. వాళ్లు రెండూ చూసి తేలుస్తారంట. ఎన్నాళ్లు పడుతుందంటే చెప్పలేనన్నాడు. నకలు ఒకటి నాకిస్తానన్నాడు.

కంప్యూటర్ పిల్లకు చెప్పడం మొదలుపెట్టాడు. “మృతుడు పంటపై క్రిమిసంహారక మందును పిచికారీ చేయుచున్నట్లు తన భార్యకు తెలిపెను...”

“సార్, ఆ మాట నేను అనలేదు.”

“అర్థం అదేనమ్మా.”

“పోయినతూరి గూడ అర్థమే రాసినారు సార్.”

పిల్ల వేళ్లు ఆగాయి. ఆఫీసరు నా వైపు తిరిగాడు. కోపం రాలేదని చెప్పను. వచ్చింది, మింగాడు. “మరి ఎలా రాయమంటారు?”

“నేను చెప్పింది చెప్పినట్ల రాయండి. దాని పక్కన మీ మాట పెట్టుకోండి.”

అట్లానే రాశారు. మా ఆయన ఫోన్లో చెప్పిన మాట గుర్తుల మధ్య పెట్టి, ఎవరి మాటో, ఎవరితో అన్నాడో, ఎక్కడ నుంచో రాసి, ఆ తర్వాత ‘అనగా చీనీ చెట్లకు పురుగుల మందు’ అని వాళ్ల మాట రాశారు. గుడ్డలకు వచ్చిన వాసన దగ్గర కూడా అదే. “కొడ్తాండా”కు ఏ అక్షరం వాడాలో పిల్లకు తెలియలేదు. ‘కొడుతున్నాను’ అని కొట్టింది. నేను ఒప్పుకోలేదు. డ కింద త పెట్టాలని నాకూ తెలియదు, పలికి చూపించాను. నాలుగుసార్లు పలికించుకుంది. ఆ మాట నేను నాలుగుసార్లు అన్నాను, ఏడవలేదు. ఆ పిల్ల మొదటి నుంచి చివర దాకా చదివింది. నేను విన్నాను. బంట్రోతు సిరా డబ్బా పట్టుకుని వచ్చాడు.

“సంతకం వస్తాది నాకు” అన్నాను.

హు దగ్గర కొమ్ము కొంచెం వంకరగా పడింది. మిగతా మూడు బాగానే వచ్చాయి. ఒకటిన్నరకు బయటికొచ్చాను. నకలుకు ముద్ర వేయించుకోవడం మరిచిపోకండి, అది పక్క గదిలో వేస్తారు, దానికి ఇంకో గంట. రూపాయి అడగలేదు. ఆ మధ్యాహ్నమే బస్సులున్నాయి కానీ కర్నూలు చేరేసరికి పొద్దుపోతుందని లాడ్జిలోనే ఉండిపోయాను. దర్గా దగ్గర ఆ కుట్టుపని ఆమె కోసం చూశాను. రాలేదు. ఆమె పేరు అడగలేదని అప్పుడు గుర్తొచ్చింది.

మంగళవారం ఆరున్నరకు కర్నూలు బస్సు. ఈసారి కిటికీ దొరికింది. చాగలమర్రి దాటాక మిరప చేలో ఒక మనిషి మందు కొడుతున్నాడు. వీపుకు డబ్బా, మూతికి గుడ్డ లేదు. నా ముందు సీట్లో ఒక తల్లి, ఆమె ఒళ్లో ఆరేడేళ్ల ఆడపిల్ల. మెడలో టై. పిల్ల వేలు పెట్టి చూపించింది.

“అమ్మా, ఆయప్ప మందు కొడ్తాండాడు.”

“అట్లనగూడదు. స్ప్రే చేస్తున్నాడు అనాలి. స్కూల్లో అట్లంటే నవ్వుతారు” అంది తల్లి.

తల్లి చెప్పింది తప్పు అనలేను. మా ఆయన ఆ రోజు ఫోన్లో స్ప్రే చేస్తాండా అని ఉంటే ఏ కాగితంలోనూ తాగుబోతు అని పడేది కాదు. ఆయనకు ఆ మాట తెలుసు కూడా, డబ్బా మీద అదే రాసి ఉంటుంది. నాతో మాట్లాడేటప్పుడు దాని అవసరం ఏముంది? పెండ్లాంతో మాట్లాడే మాట రేపు ఆఫీసులో చదువుతారని ఎవరు అనుకుంటారు?

పదకొండున్నరకు కర్నూలులో దిగాను. కల్లూరుకు షేర్ ఆటో ఎక్కి మా అన్న ఇంటికి వచ్చాను. వదిన అన్నం పెట్టింది. మూడు రోజులకు మొత్తం ఖర్చు వెయ్యి దాటలేదు, లాడ్జి, తిండి, అర్జీ, ఆటోలు కలిపి. పని అయిందా అని వదిన అడిగింది. సగం అయింది అన్నాను. పాత కాగితం అట్లానే ఉంది. దాని వెనక నా కాగితం ఉంది. రేపు ఎవరైనా మొదటిది తీస్తే రెండోది కూడా రావాలి. శుక్రవారం మా ఊరి సచివాలయానికి పోతాను. అదే పిల్ల చేత, అందరూ కూర్చుని ఉన్నప్పుడు, అంతే గట్టిగా ఈ నకలు చదివిస్తాను. పీర్ల చావిడి పెద్దమనిషిని కూడా పిలుస్తాను. ఆయన వచ్చేదీ రానిదీ ఆయన ఇష్టం.

రానుపోను నాకు తెలిసింది ఒకటే. నోట్లో ఉన్నంత సేపు మాట మనది. కాగితం మీదికి పోయాక అది కలం పట్టుకున్నవాళ్లది. మళ్లీ మనది కావాలంటే దాన్ని చదివి వినిపించమని అడగాలి. సిగ్గుపడకుండా, వరుస వెనక ఎంత మంది ఉన్నా అడగాలి.

అయిపాయ గౌసియా. కలం కింద పెట్టు. నీ చెయ్యి గూడ నేను చూస్తానే ఉండా, మధ్యలో రెండు తావుల నా మాట కన్నా ఎక్కువ కదిలింది. ఏదీ, మొదట్నుంచి సదువు. ఫోన్లో మీ మామ మాట కాడ్నించి. ఇన్నంకనే సంతకం పెడ్తా.